నీకు తెలుసు గదా

మార్తమ్మగారి ప్రార్థన అంటే అప్పట్లో ఢిల్లీ తెలుగు క్రైస్తవుల్లో ఆషామాషీ వ్యవహారం కాదు. క్వార్టరు ఎలాట్ కావాలన్నా, ట్రాన్స్‌ఫర్ ఆర్డరు ఆగాలన్నా, పిల్లవాడు హిందీ పరీక్ష గట్టెక్కాలన్నా ముందు ఆవిడకే కబురు వెళ్ళేది. ఆవిడ వచ్చి, కొంగు తలమీదికి లాక్కుని, ఒకసారి గొంతు సవరించుకుని మొదలుపెట్టిందంటే పావుగంటకు తక్కువ ఉండేది కాదు. ఆ పావుగంటలో ఒక్క మాట తడబడేది కాదు. చివరికి వచ్చేసరికి ఆడవాళ్ళందరూ కొంగులు తడుపుకునేవారు, మగవాళ్ళు గోడకేసి చూసేవారు.

అది పెంపకంలో వచ్చింది. బాపట్ల దగ్గర పల్లెలో వాళ్ళమ్మ బైబిలు స్త్రీ. తెల్లచీర కట్టుకుని, గొడుగేసుకుని ఊరూరా తిరిగి ఇంటింటా వాక్యం చెప్పి, ప్రార్థన చేసి వచ్చేది. ప్రార్థన కూడా వంట లాంటిదేననీ, ఏది ముందు వెయ్యాలో ఏది వెనక వెయ్యాలో తెలియాలనీ కూతురికి నేర్పింది. ముందు స్తుతి, తరువాత పాపాల ఒప్పుకోలు, ఆ తరువాతే విన్నపం. మార్తమ్మ మిషను ఆస్పత్రిలో నర్సు ట్రైనింగు ముగించి, అరవై ఎనిమిదిలో ఢిల్లీ వచ్చి పెద్దాస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేరినప్పుడు ట్రంకుపెట్టెలో తెచ్చుకున్న ఆస్తి అంతా ఆ విద్యే. మినిస్ట్రీలో గుమాస్తాగా ఉన్న సాలొమోనును పెళ్ళి చేసుకుంది. నేతాజీ నగర్‌లో రెండు గదుల క్వార్టరు వచ్చింది. లలితకుమారి అని ఒక్కతే కూతురు పుట్టింది.

ఇక ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. మార్తమ్మ ప్రార్థన ముందే తయారు చేసుకునేది. శనివారం సాయంత్రం ఎవరింట్లోనో ప్రార్థన కూడిక ఉంటుందనగా, గురువారం నుంచే వంటింట్లో పప్పు కడుగుతూ, చపాతీ ఒత్తుతూ సన్నగా గొణుక్కుంటూ ఉండేది. ఒక మాట తీసేసి ఇంకో మాట పెట్టేది. గొంతు ఎక్కడ దించాలో, ఎక్కడ ఆగాలో చూసుకునేది. బస్సులో పెదవులు కదుపుతుంటే పక్క సీటు పంజాబీ ఆవిడ జపం చేస్తోందనుకుని జరిగి కూర్చునేది. మనవాళ్ళల్లో ఇది పెద్ద తప్పు. ప్రార్థన ఆత్మలోంచి అప్పటికప్పుడు పొంగుకు రావాలంటారు. అందుకే మార్తమ్మ ఈ రహస్యాన్ని గుట్టుగా దాచుకుంది. లలితకుమారి మాత్రం కూడికకు బయలుదేరేటప్పుడు "మమ్మీ, ఆజ్ భీ వహీ వాలీ?" అని, ఇవాళ కూడా అదే ప్రార్థనా అన్నట్టు, ఆటపట్టించేది. ఆ పిల్లకు తెలుగు అర్థమయ్యేది, జవాబు మాత్రం ఎప్పుడూ హిందీలోనే.

అబద్ధమెందుకు, ప్రార్థన చేస్తున్నంతసేపూ మార్తమ్మ కళ్ళు పూర్తిగా మూసుకునేది కాదు. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు ఊరికే తల దించుకున్నారో రెప్పల సందులోంచి చూసుకునేది. పాటగాడికి చప్పట్లు కావాలి గదా, ఆవిడకు ఆ మాత్రం ఉండకూడదా?

అంతా సవ్యంగా నడుస్తున్న రోజుల్లో, ఎనభైలో, సువార్త వచ్చింది.

ఇరవై ఆరేళ్ళ పిల్ల. దివిసీమ నుంచి వచ్చింది. లజపత్ నగర్‌లో ఒక చిన్న నర్సింగ్ హోములో ఉద్యోగం. పలకరిస్తే ఒక మాట, లేకపోతే అదీ లేదు. ఆగస్టు తొమ్మిదో తేదీ శనివారం సరోజినీ నగర్‌లో కోటయ్యగారింట్లో కూడిక జరిగింది. కోటయ్యకూ భార్య తాయారమ్మకూ పెళ్ళయి ఎనిమిదేళ్ళు, పిల్లల్లేరు. వాళ్ళ కోసం మార్తమ్మ ఆరేళ్ళుగా ప్రతి శుక్రవారం ఉపవాసముండి ప్రార్థన చేస్తోంది. ఆ రోజు కోసం ప్రత్యేకంగా తయారై, ఉప్పునీళ్ళు పుక్కిలించి మరీ వచ్చింది. తీరా సమయం వచ్చేసరికి పాదిరి పాపయ్యగారు ఆవిడ వైపు చూడనే లేదు.

"కొత్తగా వచ్చిన చెల్లెలు ఒక మాట ప్రార్థన చేస్తుంది," అన్నారు.

"నాకు చాతకాదయ్యగారూ," అంది సువార్త.

"ఫర్వాలేదమ్మా. నీకు వచ్చిందే చెయ్యి."

ఆ పిల్ల లేచి నిలబడింది. చేతులు కట్టుకుంది. ఎంతసేపటికీ నోరు విప్పలేదు. మార్తమ్మకు జాలి కూడా వేసింది, పాపం, అనుకుంది. చివరికి సువార్త "ప్రభువా" అంది. మళ్ళీ ఆగింది. "నీకు తెలుసు గదా. నీకంతా తెలుసు. ఆమేన్," అని కూర్చుంది.

అంతే. స్తుతి లేదు, ఒప్పుకోలు లేదు, విన్నపం ఊసే లేదు. మార్తమ్మ నవ్వాపుకుంటూ రెప్పల సందులోంచి చూసేసరికి తాయారమ్మ వెక్కివెక్కి ఏడుస్తోంది. కోటయ్య ఏడుస్తున్నాడు. పాపయ్యగారు జేబురుమాలు తీశారు. ఎంత విశ్వాసమో చూశారా, దేవునికి మనం వివరంగా చెప్పాల్సిన పనేముంది, అని ఒకళ్ళతో ఒకళ్ళు అనుకున్నారు. మార్తమ్మకు ఒళ్ళు మండిపోయింది. రెండు ముక్కలు అనేసి కూర్చుంటే విశ్వాసమా? మరి పావుగంట చేసినవాళ్ళదేమిటి, అవిశ్వాసమా?

పుండు మీద కారం ఏమిటంటే, తాయారమ్మకు నెల తప్పింది.

కాన్పు మార్తమ్మ పనిచేసే వార్డులోనే జరిగింది. ఆడపిల్ల. మార్తమ్మ కేస్ షీటు చేతిలోకి తీసుకుని, నర్సు గదా, వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టింది. ఒకసారి కాదు, మూడుసార్లు. లెక్క ప్రకారం కోటయ్య ఇంట్లో కూడిక జరిగేనాటికే తాయారమ్మ కడుపులో నలుసు పడి నాలుగైదు రోజులైంది. అంటే అది సువార్త ప్రార్థన కాదు. నిక్షేపంగా మార్తమ్మ శుక్రవారపు ప్రార్థనే. ఆ ముక్క ఎవరితో చెప్పుకుంటుంది? మొగుడితో చెప్పింది. సాలొమోను తింటున్న అన్నం కంచం పక్కన పెట్టి, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"దేవుడి దగ్గర కూడా సీనియారిటీ లిస్టు పెడతావేంది మార్తా," అన్నాడు.

బాప్తిస్మం ఆదివారం నాడు తాయారమ్మ పిల్లను ఎత్తుకుని సాక్ష్యం చెప్పింది. దేవుడు సువార్తమ్మ ప్రార్థన విన్నాడంది. పిల్లకు సువార్త అనే పేరు పెడుతున్నామంది. కూర్చోబోయి, మళ్ళీ లేచి, "మార్తమ్మగారు కూడా పాపం చాలా కష్టపడ్డారు," అంది. ఆ 'పాపం' అన్న మాట మార్తమ్మ గుండెల్లో ముల్లులా దిగింది. ఇంటికి వచ్చి తలనొప్పని పడుకుంది. మీరైతే ఊరుకునేవారా? ఆరేళ్ళ శుక్రవారాలు. ఆరేళ్ళు పస్తులు.

ఆ తరువాత నాలుగేళ్ళూ అదే తంతు. కబుర్లన్నీ సువార్తకు వెళ్ళసాగాయి. ఆ పిల్ల ఎనభై నాలుగులో యమున దాటి మయూర్ విహార్‌లో కొత్తగా కట్టిన గవర్నమెంటు ఫ్లాట్లలో ఒక గది అద్దెకు తీసుకుంటే, జనం రెండు బస్సులు మారి అక్కడికి కూడా వెళ్ళారు. ఎవరు వెళ్ళినా అదే మాట. ప్రభువా, నీకు తెలుసు గదా. ఈలోగా మార్తమ్మను కూడా ప్రార్థించమనేవారు గాని, భోజనాల ముందు. అన్నం చల్లారిపోతుందేమోనని పిల్లలు ఒక కన్ను తెరిచి చూసేవారు. ఎదురుపడినప్పుడు సువార్త "బాగున్నారా మార్తక్కా" అని చేతులు పట్టుకునేది. ఆ పిల్లలో గర్వం ఇసుమంత ఉన్నా మార్తమ్మకు కొంచెం తెరిపిగా ఉండేది. అదీ లేకపోయె.

ఎనభై అయిదు ఫిబ్రవరిలో సాలొమోను కడుపులో పుండు రెండోసారి పగిలి నెత్తురు కక్కుకున్నాడు. మార్తమ్మ పనిచేసే ఆస్పత్రిలోనే చేర్చారు. ఆపరేషను చెయ్యక తప్పదన్నారు. మనిషి బాగా నీరసించి ఉన్నాడు గనుక గట్టిగా ఏమీ చెప్పలేమని పెద్ద డాక్టరు చెప్పాడు. చెప్పకపోయినా మార్తమ్మకు తెలుసు. పదిహేడేళ్ళుగా అలాంటివాళ్ళు లోపలికి వెళ్ళడమూ, కొందరు బయటికి రాకపోవడమూ చూసిన మనిషి. కాని మధ్యాహ్నం రెండుకు ఆపరేషను అనగా పొద్దున్నే తలంటుకుని, వారం రోజులుగా కూర్చుకున్న ప్రార్థనతో మొగుడి మంచం పక్కన నిలబడింది. ఇంత గొప్ప ప్రార్థన ఆవిడ ఎన్నడూ తయారుచేయలేదు. కొంగు తలమీదికి లాక్కుంది.

సాలొమోను చెయ్యెత్తి ఆపాడు.

"మార్తా, ఏమీ అనుకోకు. సువార్తమ్మను పిలుచుకొస్తావా? ఆ అమ్మాయి చేత ఒక మాట చేయించు."

మార్తమ్మ తలమీది కొంగు వదిలేసింది. "నేను లేనా?" అంది.

"నువ్వు ఎప్పుడూ ఉంటావు. నీ ప్రార్థన నాకు మొత్తం వచ్చు మార్తా. వంటింట్లో ఇన్నేళ్ళూ వింటానే ఉన్నాను గదా. ఏ మాట తరువాత ఏ మాటొస్తుందో తెలుసు. నువ్వు చేస్తుంటే తప్పు పోకుండా చెయ్యాలని నీ కోసం నేను భయపడతా ఉంటాను. ఇవాళ నా భయమే నాకు చాలు."

ఆ మాటలో కోపం లేదు, ఎగతాళి లేదు. అందుకే అది మార్తమ్మకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. పదిహేనేళ్ళ కాపురంలో ఈ మనిషి వింటున్నాడని ఆవిడకు తెలియనే తెలియదు. చెప్పులేసుకుని బయటికి నడిచింది.

బస్టాపులో కూర్చుంది. మయూర్ విహార్ బస్సు వచ్చింది. ఎక్కలేదు. కట్టుకున్న మొగుడు, చావుబతుకుల మధ్య, కట్టుకున్న పెళ్ళాం ప్రార్థన వద్దంటాడా? సువార్త డ్యూటీలో ఉందని చెబితే సరిపోతుంది. తాళం వేసి ఉందన్నా సరే. ఎవడు వెళ్ళి చూసొస్తాడు? ఇంకో బస్సు వచ్చింది. కండక్టరు "బెహన్‌జీ, చల్నా హై క్యా?" అని అడిగాడు. మార్తమ్మ మొహం తిప్పుకుంది. అది కూడా వెళ్ళిపోయాక, తను ఏం చేస్తోందో తెలిసివచ్చింది. ఆవిడకు మొగుడంటే ప్రాణం. మూడో బస్సు ఎక్కింది.

సువార్త గది మూడో అంతస్తులో. తలుపు తీసి, మార్తమ్మను చూసి, మంచం మీదున్న బట్టలు తీసి కూర్చోబెట్టింది. సంగతంతా విన్నది. విని, గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

"నేను రాలేనక్కా," అంది.

"ఎందుకు రాలేవు? ఊరందరికీ చేస్తావు గదా."

"నేనెవరికీ చెయ్యలేదక్కా. నాకు ప్రార్థన రాదు. ఉప్పెనప్పుడు మా ఊరి జనమంతా గుళ్ళోకెళ్ళాం. మా నాన్న ప్రార్థన చేస్తానే ఉన్నాడు. మీకు మల్లేనే, చాలా బాగా చేసేవాడు. చేస్తా ఉండగానే నీళ్ళొచ్చినయ్యి. అమ్మ పోయింది, నాన్న పోయాడు, మా ఆయన పోయాడు, నా రెండేళ్ళ కొడుకు నా చంకలోంచే పోయాడు. ఆ తరువాత నాకు నోరు పెగల్లేదు. మీరంతా చెయ్యమంటే నిలబడతాను. నా నోటికొచ్చేది ఆ ఒక్క మాటే. నీకు తెలుసు గదా అని. నువ్వేం చేశావో నీకు తెలుసు గదా అని."

సువార్త తల ఎత్తి మార్తమ్మను చూసింది.

"జనం దాన్ని విశ్వాసం అంటన్నారు. అది విశ్వాసం కాదని చెప్పటానికి నాకు ధైర్యం లేదు. ఆయన ఉన్నాడో లేడో కూడా నాకు తెలియదక్కా. సాలొమోనన్నకు ఇట్టాంటి మనిషి చేత ప్రార్థన చేయిస్తారా?"

నిజం చెప్పాలంటే, మార్తమ్మకు ముందు కలిగింది జాలి కాదు. సంతోషం. ఇంతకాలానికి ఈ పిల్ల గుట్టు చేతికి చిక్కింది. పాపయ్యగారి చెవిన ఒక్క మాట వేస్తే చాలు. ఆ సంతోషం గొంతు దాకా వచ్చి, ఎదురుగా కూర్చున్న పిల్ల ఖాళీ చంక చూసి, అక్కడే చచ్చింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా అసూయ పోయిందా అంటే, అదీ లేదు. ఈ పిల్లకు దేవుడి మీద అంత కోపముంది. కోపముందంటే ఎదురుగా నిలబడి నిలదీసిందనే గదా. పదిహేడేళ్ళలో తను ఒక్కసారైనా ఆయన మొహం చూసి మాట్లాడిందా? ఇన్నాళ్ళు తను మాట్లాడింది ఏడుస్తున్నవాళ్ళతో, ఏడవనివాళ్ళతో. ఈ పిల్ల సందేహం కూడా తన విశ్వాసం కంటే గట్టిదిగా కనబడి, మార్తమ్మకు మళ్ళీ మండింది.

"రా, లే," అంది కరుకుగా. "మా ఆయన నిన్ను చూస్తే చాలు. నువ్వేమీ అనక్కర్లేదు."

ఆటో చేసుకుని వచ్చారు. వార్డులో మంచం ఖాళీగా ఉంది. ముందున్న కేసు వాయిదా పడిందనీ, సాలొమోనును పన్నెండింటికే తీసుకుపోతున్నారనీ చెప్పారు. బస్టాపులో వదిలేసిన రెండు బస్సులూ మార్తమ్మ కళ్ళ ముందు తిరిగాయి. పరుగెత్తింది. థియేటరు తలుపు దగ్గర స్ట్రెచరు మలుపు తిరుగుతోంది. సాలొమోను తల తిప్పి, భార్య భుజం మీదుగా సువార్తను చూశాడు. మొహం విప్పారింది.

"వచ్చావామ్మా. బయట కూర్చుని చెయ్యి," అన్నాడు. తలుపులు మూసుకున్నాయి.

ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. మార్తమ్మ కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. మహోన్నతుడవును మహాదయాళుడవునగు పరలోకపు తండ్రీ. రెండో వాక్యం గుర్తు రాలేదు. వారం రోజులు వల్లించిన ప్రార్థన ఒక్క ముక్క లేకుండా తుడిచిపెట్టుకుపోయింది. లోపల కత్తెరలు ట్రేలో పడుతున్న చప్పుడు వినబడిందో, వినబడిందనుకుందో. చివరికి లోపలినుంచి తన్నుకుంటూ ఒక మాట వచ్చింది. అది పుస్తకం మాట కాదు. బాపట్ల పల్లెలో బావి దగ్గర తగాదా పడే ఆడదాని మాట.

'నా మొగుణ్ణి నాకియ్యి. కాని ఈ పిల్ల మొహం చూసి ఇయ్యొద్దు. నా మొహం చూసి ఇయ్యి.'

అనేశాక ఆవిడకే భయమేసింది. కాని వెనక్కి తీసుకోలేదు. మూడు గంటలసేపు అదే మాట పట్టుకుని కూర్చుంది. రెప్పల సందు ఒక్కసారి కూడా తెరవలేదు.

మూడు దాటాక డాక్టరు బయటికి వచ్చి, మాస్కు కిందికి లాగి, "ఠీక్ హై, సిస్టర్. నికల్ గయే," అన్నాడు. గండం గడిచింది. మార్తమ్మ గోడ పట్టుకుని నిలబడింది. గోడ పట్టుకునే, ఆగలేక, సువార్తను అడిగింది.

"నువ్వేమని అడిగావు?"

"నేనా? ఏమీ అడగలేదక్కా. ఎప్పుడూ అనే ఆ మాట కూడా అనలేదు. మీరు అడుగుతున్నారు గదా. మీ మొహం చూస్తా కూర్చున్నాను. ఎవరైనా అట్టా అడగటం మా నాన్న తరువాత ఇప్పుడే చూశాను."

మార్తమ్మ మళ్ళీ బెంచీ మీద కూర్చుంది. అడిగింది అడిగినట్టు ఇచ్చాడు. అక్షరం పొల్లు పోకుండా ఇచ్చాడు. మొగుడు బతికాడు, సువార్త ప్రార్థన వల్ల కాదు. ఆ సంగతి ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. వారం పది రోజుల్లో సాలొమోను కూడికలో నిలబడి సాక్ష్యం చెబుతాడు. ఎవరి పేరు చెబుతాడో వేరే చెప్పాలా?

"అన్నకు మెలకువ రాగానే నేను చెబుతానక్కా, చేసింది మీరేనని," అంది సువార్త. "నా సంగతి కూడా చెప్పేస్తాను. ఇక నావల్ల కాదు."

చెప్పనియ్యాలని మార్తమ్మకు ఎంత ఉందో ఆవిడకే తెలుసు. నోట్లో నీళ్ళూరినంత పనైంది. "చూద్దాంలే," అంది.

నాలుగున్నరకు సాలొమోనుకు తెలివి వచ్చింది. ముక్కులో గొట్టం, పెదవులు పిడచకట్టుకుపోయి ఉన్నాయి. మార్తమ్మ తడిగుడ్డతో పెదవులు అద్దింది. మంచం కాళ్ళ దగ్గర సువార్త నిలబడి ఉంది. సాలొమోను కళ్ళు ఆ పిల్ల మీద కాసేపు ఆగి, భార్య మీదికి వచ్చాయి. ఆ కళ్ళల్లో పసిపిల్లవాడి భయం ఇంకా పోలేదు.

"సువార్తమ్మ... చేసిందా?" అన్నాడు.

సువార్త నోరు తెరిచింది. మార్తమ్మ ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది, గోళ్ళు దిగేట్టుగా.

"చేసింది," అంది మార్తమ్మ. "మీరు లోపలున్నంతసేపూ చేస్తానే ఉంది."

సాలొమోను మొహంలో భయం మెల్లగా కరిగిపోయింది.

"నే చెప్పలా," అన్నాడు, కళ్ళు మూసుకుంటూ.

"చెప్పారు," అంది మార్తమ్మ. దుప్పటి గొంతు దాకా లాగి కప్పింది.